డప్పు మనది, పేరెవరిది?

(తొలి పాటల ఆల్బం తీసుకురాబోతున్న బయ్యారం యువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, వెనక గోడకు ఆనుకొని కూసున్న అవ్వలారా,

ఉపన్యాసమని పిలిచిన్రు గానీ, నిజానికి మీరడిగిన ఒక ప్రశ్నకు జవాబు చెప్పడానికే మేము వచ్చినం. పోయిన వారం ఈ ఆల్బం తీస్తున్న పోరగాండ్లు ఇంటికొచ్చి, "సార్, మేం డప్పు కొట్టుకుంట మాట చెప్తం. ఇది జానపదమా, ర్యాపా? పైన ఏమని రాయాలె?" అని అడిగిన్రు. చిన్న ప్రశ్న లెక్కనే కనపడ్డది. కానీ ఇదే ప్రశ్న 2019లో అమెరికాలో ఇరవై ఏండ్లు నిండని ఒక నల్లజాతి పిల్లగాని పాటను పాటల పట్టికలో నుంచి తీసివేయించింది. ఆ కథ చెప్పకుండా మీకు జవాబు చెప్పలేం. కొంచెం దూరం పోయి వస్తం, ఓపిక పట్టుండ్రి.

ముందు ర్యాప్ అంటే ఏందో అవ్వలకు చెప్పాలె. దరువు మీద మాట చెప్పుడు. రాగం తక్కువ, మాట ఎక్కువ. 1970లలో న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే పేదల పేటలో, నల్లజాతి పిల్లల నోట పుట్టింది. అయితే దరువు మీద మాట చెప్పుడు మనకు కొత్త ఎట్ల అయితది? మన తాతలు ఊరి నడిమిట్ల నిలబడి నాలుగు దెబ్బలు కొట్టి, ఒక మాట చెప్పి, మళ్లీ నాలుగు దెబ్బలు కొట్టిన్రు. దాన్ని చాటింపు అన్నం. దరువు మనది, గొంతు మనది, మాట మాత్రం దొరది. శిస్తు కట్టమనే మాట దొరది, వెట్టికి రమ్మనే మాట దొరది. మన నోటితోనే మనల్ని వెట్టికి పిలిపించుకున్నరు. చాటింపేసినోని పేరు ఏ కాగితం మీదా లేదు. 1994లో మాదిగ దండోరా మొదలైనప్పుడు ఆ చాటింపు మాటనే ఎత్తుకొని, పేరు వెనక కులం పేరు పెట్టుకొని మనోళ్లు నిలబడ్డరు. బడి రిజిస్టరులో కులం చెప్పడానికి తలవంచుకున్న మా తరం పిల్లలకు అది ఎంత పెద్ద సంగతో ఈనాటి పిల్లలకు చెప్తే తెలువది.

ఇగ ఆ పిల్లగాని కథకు వస్తం.

అసలు పేరు మాంటెరో లమార్ హిల్. 1999లో పుట్టిండు. జార్జియా రాష్ట్రంలో అట్లాంటా పక్కనోడు. తల్లికి మాంటెరో అనే మిత్సుబిషి కారు మీద మనసుండేనట, అందుకని కొడుక్కు ఆ పేరు పెట్టిందట. నవ్వకుండ్రి. తిండికి లేని ఇంట్ల ధనమ్మలు లేరా, గుంట భూమి లేనోనికి రాజయ్య అని పేరు లేదా? కాలేజీ చదువు మధ్యలో ఆపేసి, అక్క ఇంట్ల తలదాచుకొని, పొద్దస్తమానం ఇంటర్నెట్టు మీదనే బతికిండు. పాటల కోసం పెట్టుకున్న పేరు లిల్ నాస్ ఎక్స్. హాలెండు దేశంలో ఇంకో కుర్రాడు ఇంట్ల కూసోని చేసిన దరువును 30 డాలర్లకు కొన్నడు. ఆ దరువులో తీగల చప్పుడుంది, బాంజో చప్పుడు. దాని మీద గుర్రమెక్కి పల్లెబాట పట్టిన ఒంటరివాని మాట చెప్పిండు. 2018 డిసెంబరులో 'ఓల్డ్ టౌన్ రోడ్' అని సొంతంగా విడుదల చేసిండు. కంపెనీ లేదు, కాంట్రాక్టు లేదు. టిక్‌టాక్‌లో పిల్లలు టోపీలు పెట్టుకొని ఆ పాటకు గంతులేసుడు మొదలుపెట్టిన్రు. కొన్ని వారాల్లో దేశమంతా పాకింది.

2019 మార్చిలో ఆ పాట బిల్‌బోర్డ్ వాళ్ల కంట్రీ పాటల పట్టికలోకి ఎక్కింది. బిల్‌బోర్డ్ అంటే అక్కడ ఏ పాట ఎంత నడుస్తుందో లెక్కగట్టే పత్రిక. వాళ్ల పట్టికే పాటలకు కొలబద్ద. ఎక్కిన వారానికే తీసేసిన్రు. ఎందుకయ్యా అంటే, నేటి కంట్రీ సంగీతంలో ఉండవలసిన లక్షణాలు ఇందులో చాలినన్ని లేవన్నరు. జాతికీ దీనికీ ఏ సంబంధమూ లేదని కూడా అన్నరు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదా? ఉద్యోగాల దగ్గర, సీట్ల దగ్గర, అవార్డుల దగ్గర మనం వింటున్న మాటే. "కులం చూడలేదండీ, మెరిట్ చూసినం." ఆ కుర్రాడు చేసింది ర్యాప్ అట, కాబట్టి ర్యాప్ పట్టికలో ఉండవచ్చునట. అంటే నల్లోని చోటు నల్లోనికి ఉంది, పల్లె మాత్రం తెల్లోళ్లది.

కంట్రీ అంటే అక్కడ పల్లె పాట. దక్షిణ రాష్ట్రాల రైతుల పాట, గుర్రాల పాట, చర్చి పాట, సారా పాట. మన దగ్గర కంట్రీ అంటే తిట్టు. పట్నం కాలేజీల "కంట్రీగాడు" అంటే ఎవడో మీకు తెలుసు. నాటు అన్నా అంతే, నాటు సారా, నాటు వైద్యం, నాటు మనిషి. ఆ నాటు మాటనే మన భూపాలపల్లి దిక్కు చల్లగరిగె నుంచి పోయిన చంద్రబోస్ పాట చేస్తే 2023లో ఆస్కార్ దాకా పోయింది, అది వేరే సంగతి. అమెరికాలో కంట్రీ అంటే గర్వం. గర్వం కాబట్టే దానికి కాపలా ఉంది. మన దగ్గర నాటు అంటే నామోషీ, కాబట్టి దాన్ని మనకు వదిలేసిన్రు. దాంట్లో డబ్బులు కనపడ్డ రోజు వదులుతరా అన్నది చూడాలె.

ఇప్పుడు ఆ గర్వం ఎవరి కష్టం మీద కట్టిందో చూద్దాం. కంట్రీ పాటకు గుర్తు బాంజో. ఆ బాంజో ఎక్కడిది? ఆఫ్రికా నుంచి గొలుసులేసి తెచ్చిన బానిసలు తోటల్లో చేసుకున్న వాయిద్యం. సొరకాయ బుర్రకు తోలు బిగించి, కట్టె పెట్టి, తీగలు కట్టిన్రు. తోలు, బుర్ర, కట్టె! వింటుంటే మీకు ఏం యాదికొస్తుంది? మాకు కిన్నెర యాదికొచ్చింది. డక్కలోళ్ల కిన్నెర. వెదురు మెట్లు, కింద సొరకాయ బుర్రలు. సముద్రాల అవతల ఒకరు, ఇవతల ఒకరు, ఇద్దరూ అంటరానోళ్లే, ఇద్దరి చేతికీ దొరికింది సొరకాయ బుర్రే. 1830లు, 40ల నాటికి తెల్లోళ్లు మొహాలకు మసి పూసుకొని, నల్లోళ్లను వెక్కిరించుకుంట బాంజో వాయిస్తూ ఊరూరా నాటకాలాడిన్రు. మసి కడుక్కున్నరు, బాంజో మాత్రం ఉంచుకున్నరు.

1920లలో గ్రామఫోను రికార్డుల కంపెనీలు వచ్చినయి. దక్షిణ పల్లెల్లో నల్లోళ్లూ తెల్లోళ్లూ చాలావరకు ఒకే పాటలు పాడుతున్నరు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటున్నరు. కంపెనీలు వాటిని రెండు గంపల్లో వేసినయి. నల్లోడు పాడితే 'రేస్ రికార్డు', తెల్లోడు పాడితే 'హిల్‌బిల్లీ', అంటే గుట్టలోళ్ల పాట. పాట ఒక్కటే అయినా గంప వేరు. మన ఊర్ల ఒకే చెరువు నీళ్లకు రెండు రేవులు పెట్టినట్టు. 1940లలో బిల్‌బోర్డ్ పట్టికలో తెల్లోళ్ల గంపకు 'ఫోక్' అని పేరుండె, ఫోక్ అంటే జానపదమే. 1949లో దాన్ని 'కంట్రీ అండ్ వెస్టర్న్' అని మార్చిన్రు. అదే ఏడు 'రేస్' గంపకు 'రిథమ్ అండ్ బ్లూస్' అని పేరు పెట్టిన్రు. పేర్లు మారినయి, గంపలు మారలే. 2019లో మాంటెరో పాటను ఈ గంపలో నుంచి తీసి ఆ గంపలోనే వేయబోయిన్రు. అంటే తీర్పు 2019లో చెప్పినా, దాన్ని రాసిపెట్టి అప్పటికి తొంభై ఏండ్లయింది.

మీరు గుర్తుపెట్టుకోవలసిన రెండు పేర్లున్నయి. మొదటిది లెస్లీ రిడిల్. టెనెసీ రాష్ట్రంలోని కింగ్స్‌పోర్ట్‌ల ఉన్న నల్లజాతి గిటారు కళాకారుడు. సిమెంటు కర్మాగారంలో ప్రమాదం జరిగి కాలు పోయింది. కంట్రీ సంగీతానికి మొదటి కుటుంబం అని పేరుపడ్డ కార్టర్ కుటుంబంలో పెద్ద ఏ.పి. కార్టర్ ఈయనను వెంటబెట్టుకొని ఊర్లు తిరిగి పాటలు సేకరించిండు. కార్టర్ మాటలు కాగితం మీద రాసుకునేది, రిడిల్ రాగాన్ని మనసుల పెట్టుకొని వచ్చేది. ఒకాయన కాగితం, ఒకాయన తలకాయ. అట్ల తెచ్చిన పాటల మీద హక్కుదారుగా కార్టర్ తన పేరు రాయించుకున్నడు. కాగితం మీద ఉన్నోని పేరు నిలబడ్డది, తలకాయల మోసుకొచ్చినోని పేరు చాలా ఏండ్లు ఎవరికీ తెలువలే.

రెండోది డిఫోర్డ్ బెయిలీ. చిన్న మనిషి, నోటితో ఊదే హార్మోనికా వాయించేది. నాష్‌విల్ రేడియోలో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే కంట్రీ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తుంది, దాని తొలినాటి తారల్లో ఒకడు. బృందంతో ఊర్లకు పోతే తెల్లోళ్ల హోటళ్లలో ఆయనకు చోటివ్వలేదు. 1941లో తీసేసిన్రు. ఎందుకు? పాటల హక్కులు చూసే సంఘానికీ రేడియో వాళ్లకూ డబ్బుల దగ్గర తగువొచ్చింది. బెయిలీ ఏండ్ల తరబడి వాయిస్తున్న పాటలు ఆ తగువులో ఇరుక్కున్నయి, వాయించవద్దన్నరు. తర్వాత, కొత్త పాటలు నేర్చుకోలేదు గనుక పో అన్నరు. ఆ తర్వాత ఆయన నాష్‌విల్‌లోనే బూట్లు తుడిచే దుకాణం పెట్టుకొని బతికిండు. 1982లో చనిపోయిండు. 2005లో, చనిపోయిన ఇరవై మూడేండ్లకు, ఆయన బొమ్మను కంట్రీ సంగీత ఘనుల మందిరంలో పెట్టిన్రు.

బూట్లు తుడిచే దుకాణమని చదివినప్పుడు మా నాయిన చెప్పులు కుట్టే అరె కండ్ల ముందట మెదిలింది. అదట్ల పక్కన పెడదాం.

అమెరికా దాకా ఎందుకు? మన బయ్యారం చెరువు దగ్గర శాసనం ఉంది. ఎంతమంది చూసిన్రు? చేతులెత్తుండ్రి. సగం మంది కూడా లేరు. 13వ శతాబ్దంలో కాకతి గణపతిదేవుని చెల్లెలు మైలాంబ ఈ చెరువు తవ్వించి, ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టి శాసనం వేయించింది. కాకతీయుల వంశం వెన్న నృపతి నుంచి మొదలైందని చరిత్రకారులకు చెప్పింది ఈ రాయే. రాజుల పేర్లు తాతముత్తాతల కాడి నుంచి వరసగా ఉన్నయి. తట్టలు మోసి కట్ట పోసినోళ్ల పేరు ఒక్కటి లేదు. ఈ మట్టిల ఇనుప రాయి కూడా ఉంది, ఉక్కు ఫ్యాక్టరీ అని 2014 విభజన చట్టంలో రాసిన మాట ఎన్ని ఎన్నికలకు పనికొచ్చిందో మీకు మాకంటే ఎక్కువ తెలుసు. ఫ్యాక్టరీ రాలే. వస్తే పని దొరుకునని కూసున్న తరం మీది. సరే, పాట దగ్గరికే వద్దాం.

2021 ఫిబ్రవరి చివర 'సారంగ దరియా' అనే పాట 'లవ్ స్టోరీ' సినిమా కోసం విడుదలైంది. రాసింది సుద్దాల అశోక్‌తేజ అన్నరు, పాడింది మంగ్లీ. కోట్లమంది విన్నరు. అప్పుడు మన ఓరుగల్లు దిక్కు కోమలి అనే గాయని బయటికొచ్చి, ఆ పాటను టీవీ కార్యక్రమంలో వెలుగులోకి తెచ్చింది తానేనని అడిగింది. వాదాలు నడిచినయి. చివరికి దర్శకుడు ఆమెకు గుర్తింపూ పారితోషికమూ ఇస్తమని ప్రకటించిండు. ఎవరిది ఎంత న్యాయమన్న తీర్పు ఈ సభల మేము చెప్పం. మాకు తట్టిన సంగతి వేరే ఉంది. ఇంత పంచాయితీలో రాసినాయన పేరు వినపడ్డది, పాడినామె పేరు వినపడ్డది, అడిగినామె పేరు వినపడ్డది. అంతకుముందు ఆ పాటను నోట్లో పెట్టుకొని కాపాడిన ముసలవ్వల పేరు ఎవరూ అడగలే.

అదే 2021 మార్చిలో మన పక్క తమిళనాడులో 'ఎంజాయ్ ఎంజామి' అనే పాట వచ్చింది. దాన్ని రాసి పాడిన అరివు మన జాతి బిడ్డ, అంబేడ్కరువాది. 2019లోనే 'తెరుక్కురల్', అంటే వీధి గొంతు అని, తొలి ర్యాప్ ఆల్బం తెచ్చినోడు. మీరు తీయబోయే ఆల్బానికి మన చుట్టుపక్కల అన్న వరుస అయ్యేది అదే. 'ఎంజాయ్ ఎంజామి' వెనక అరివు అవ్వ కథ ఉంది, ఆమె పేరు వల్లియమ్మ, సిలోను తేయాకు తోటల్లో చెమటోడ్చిన మనిషి. ఆ అవ్వ పేరు చెప్పి, బొమ్మ చూపెట్టి పాడిండు. అది గొప్ప పని. కానీ ఏమైంది? 2021 ఆగస్టులో ఒక పెద్ద ఇంగ్లీషు సంగీత పత్రిక ముఖచిత్రం వేసింది. ఆ పాటను కలిసి పాడిన గాయని బొమ్మ ఉంది, ఇంకో ర్యాప్ కళాకారుని బొమ్మ ఉంది, అరివు బొమ్మ లేదు. దర్శకుడు పా. రంజిత్ లాంటి వాళ్లు నిలదీసిన తర్వాత విడిగా ఒక ముఖచిత్రం వచ్చింది. 2022లో మద్రాసులో చదరంగం ఒలింపియాడ్ ఆరంభ సభల ఆ పాట పాడిన్రు, అరివు లేడు. 2024లో ఆ పాటకు సంగీతం చేసిన సంతోష్ నారాయణన్, దాని నుంచి మాకు ఒక్క రూపాయి ముట్టలేదని బహిరంగంగా చెప్పిండు. కోట్లమంది విన్న పాట! పేరు పోయిన చోట పైసలు కూడా పోతయి, రెండూ ఒకే సంచిల ఉంటయి.

ఇగ మన కిన్నెర. దర్శనం మొగిలయ్య పేరు మీకు తెలుసు, పన్నెండు మెట్ల కిన్నెర. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటల ఆయన గొంతు వినపడ్డది, 2022లో పద్మశ్రీ ఇచ్చిన్రు. 2024లో పట్నం పక్కన కట్టడం పని కాడ కూలి చేసుకుంట కనపడ్డడని పత్రికలు రాసినయి. డిఫోర్డ్ బెయిలీ బూట్ల దుకాణానికీ దీనికీ ఎంత దూరం?

మళ్లీ మాంటెరో దగ్గరికి పోదాం, ఆ కథ సగంలనే ఆపినం. పట్టికలో నుంచి తీసేసినంక ఏమైంది? బిల్లీ రే సైరస్ అనే పాత తెల్లజాతి కంట్రీ గాయకుడు ఆయనకు తోడొచ్చి ఆ పాటను కలిసి పాడిండు. అన్ని రకాల పాటలూ కలిసి పోటీపడే పెద్ద పట్టికలో ఆ పాట 19 వారాలు మొదటి స్థానంలో కూసున్నది, అప్పటిదాకా ఎవరికీ లేని రికార్డు. కొందరు మిత్రులు దీన్నే విజయమంటరు. మేము సగమే ఒప్పుకుంటం. తెల్లోడు చెయ్యి పట్టుకున్నంకనే కంట్రీ ప్రపంచం మొహం తిప్పింది. ఆ ఏడు నవంబరులో కంట్రీ సంఘం వాళ్లే అవార్డు ఇచ్చిన్రు, కలిసి పాడినందుకు ఇచ్చే అవార్డు. ఒంటరిగా పాడిన పాటకు చోటు లేదు. అయితే ఆ కుర్రాని గుండె ధైర్యాన్ని తక్కువ చేయలేం. పాట ఇంకా మొదటి స్థానంలో ఉండగానే, 2019 జూన్ 30న, తాను మగవాళ్లను ప్రేమించే మనిషినని లోకానికి చెప్పుకున్నడు. దాచుకొమ్మని ఎంతమంది చెప్పి ఉంటరో. ఆ జూన్‌లోనే '7' అని ఎనిమిది పాటల చిన్న ఆల్బం వచ్చింది. పూర్తి తొలి ఆల్బం 2021 సెప్టెంబరులో వచ్చింది. దానికి ఏం పేరు పెట్టిండు? 'మాంటెరో'. అమ్మ పెట్టిన పేరు.

ఆ ఆల్బంల కంట్రీ చప్పుడు పెద్దగా లేదు. వెళ్లగొట్టిన ఇంటి ముందట నిలబడి తలుపు కొట్టలే, తన దారిన పోయిండు. అది ఆయన హక్కు. తలుపు కొట్టే పని తర్వాతోళ్లు చేసిన్రు. 2024లో బియాన్సే కంట్రీ ఆల్బం తెచ్చి, 2025లో ఆ విభాగంలోనే గ్రామీ తీసుకున్నది. 2024లోనే షబూజీ అనే ఇంకో నల్లజాతి కుర్రాడు కంట్రీ, ర్యాప్ కలిపిన పాటతో అదే పెద్ద పట్టికలో సరిగ్గా 19 వారాలు మొదట నిలిచిండు. ఈసారి కంట్రీ పట్టికలో నుంచి ఎవరూ తీసెయ్యలే. కానీ మనం మాంటెరో లెక్క దారి మార్చుకొని పోలేం తమ్ముళ్లారా. ఆయన విడిచిపెట్టింది ఒక పట్టికను. మనం డప్పు విడిచిపెడితే ఏం మిగులుతది?

ఇంకో సంగతి. ఆ 30 డాలర్ల దరువులో ఉన్న బాంజో చప్పుడు ఆ హాలెండు కుర్రానిది కూడా కాదు. నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బృందం 2008లో తెచ్చిన రికార్డులో నుంచి తీసిన చిన్న ముక్క. కొన్ని క్షణాల ముక్క. దాన్ని వాయించిన ఇద్దరి పేర్లు ఇవాళ ఓల్డ్ టౌన్ రోడ్ పాట వివరాలల్ల ఉన్నయి. ఎందుకుంటయి? వాళ్లు రికార్డు చేసిన్రు, కాగితం రాసిన్రు. బాంజోను పుట్టించిన బానిసల పేర్లు ఎక్కడా లేవు, ఎందుకంటే వాళ్లది 'జానపదం'.

మీ ప్రశ్నకు ఇక్కడ జవాబు మొదలైతది. జానపదమని రాయాల్నా, ర్యాపని రాయాల్నా అని అడిగిన్రు గదా. ఏదైనా రాసుకోండ్రి. కానీ జానపదం అన్న మాట రాసి ఊకుంటే దాని కింద ఎవరి పేరూ అక్కరలేదన్న అర్థం వస్తుంది. అది పెద్దోళ్లు మన మీద ప్రేమతో పెట్టిన మాట కాదు. కీర్తనకు కర్త ఉంటడు, పద్యానికి కవి ఉంటడు, మన పాటకు మాత్రం 'అజ్ఞాత జానపదుడు'. మన తోడు నడిచిన పార్టీలు కూడా తక్కువ చేయలే. పాట ప్రజలదన్నరు, పేరు అహంకారమన్నరు. 'ఊరు మనదిరా' అని జెండాల కింద గొంతులు చించుకున్నోళ్లలో ఎంతమందికి అది గూడ అంజయ్య రాసిందని తెలుసు? 2016లో ఆయన పోయినంక పేపర్లో చూసి తెలుసుకున్నోళ్లను మేము ఎరుగుదుం.

అందరినీ అన్నం. ఇగ మమ్మల్ని మేము అనుకోవాలె.

కొన్నేండ్ల కింద మేము పనిచేసిన ఒక బడిల వార్షికోత్సవం. ఏడో తరగతి ఆడపిల్లలు నాట్ల పాటకు ఆడిన్రు. ఆ పాట ఒక పిల్ల అమ్మమ్మది. నాట్లేసుకుంట పాడేది, దాంట్లో రెండు చరణాలు ఆమే కట్టుకున్నది, ఆమె బిడ్డను అత్తగారింటికి పంపినప్పటి మాటలు. పిల్ల ఇంట్ల నేర్చుకొని వచ్చి అందరికీ నేర్పింది. మేము మైకుల ఏం చెప్పినం? "ఇప్పుడు జానపద నృత్యం, ఏడవ తరగతి బాలికలు" అని చెప్పినం. చప్పట్లు కొట్టిన్రు, సర్పంచ్ బహుమతి ఇచ్చిండు. ఆ ముసలామె గేటు కాడ నిలబడి చూసింది, లోపలికి రమ్మని పిలువాలన్న సోయి కూడా మాకు లేదు. అయిపోయినంక దగ్గరికొచ్చి అడిగింది, "సారూ, పాట ఎవరిదని చెప్పిన్రు?" జానపదమని చెప్పినమమ్మా అన్నం. ఆమెకు అర్థం కాలే. "జానపదం ఎవరు బిడ్డా? ఏ ఊరామె?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేదు. పుస్తకాలు చదివినోళ్లం, అంబేడ్కర్ జయంతికి గంటసేపు మాట్లాడేటోళ్లం. మన ఇంటి ముసలామె పేరును మన చేతులతోనే చెరిపేసినం. ఆమె ఇప్పుడు లేదు. ఆ రెండు చరణాలు యాదికున్నయి గానీ ఆమె రాయలే, మేము రాసిపెట్టలే.

ఇది మా ఒక్కరి తప్పే అయితే ఇక్కడ చెప్పకపోదుం. మొన్న మీ పాటలు విన్నం. బాగున్నయి, డప్పు గట్టిగా పలికింది, మాట సూటిగా ఉంది. ఆరు పాటలల్ల నాలుగింటికి పల్లవులు నాట్ల పాటలే. ఎక్కడివిరా అంటే, "అమ్మోళ్లవి సార్" అన్నరు. అమ్మకు పేరు లేదా? అట్ట మీద రాసుకున్న పేర్లు చూసినం, తొమ్మిది మంది మగపిల్లలు. తోలు బిగించినాయన పేరు లేదు. ఒక పాటల కిన్నెర మోగుతుంది, ఆ కిన్నెర వాయించిన డక్కలి తాత పేరు లేదు. ఆయనకు మూడు వందలిచ్చి, అన్నం పెట్టి పంపినమన్నరు. తమ్ముడూ, అట్ల ఇచ్చి పంపినోన్ని మనం ఏమని పిలిచేది? దొర అని పిలిచేది. డక్కలోళ్లు మన వాడకొచ్చి జాంబవ పురాణం చెప్పి, మన వంశం గొప్పదని పాడి, మన ఇంటి బయటనే కూసోని తిన్నరు. ఊరు మనల్ని పెట్టిన చోట మనం వాళ్లను పెట్టినం. ఈ మాట మన సభల్ల చెప్తే కొందరికి కోపమొస్తది. రానియ్యుండ్రి.

ఇగ పని సంగతి. చట్టం మనకు పూర్తిగా పగ కాదు, తెలుసుకుంటే కొంత అక్కరకొస్తది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు కొత్తగా కట్టిన మాట, కొత్తగా కట్టిన వరుస రాసిపెట్టిననాడే, రికార్డు చేసిననాడే మీదవుతుంది, రిజిస్టరు చేయించకపోయినా సరే. 2012ల ఆ చట్టాన్ని సవరించినంక పాట రాసినోడు, వరుస కట్టినోడు కంపెనీకి హక్కులు అమ్ముకున్నా, రాయల్టీల తన వంతును వదులుకున్నట్టు రాయించుకోవడం చెల్లదు. పాడినోళ్లకూ వాయించినోళ్లకూ తమ పేరు చెప్పాలని అడిగే హక్కు ఉంది. అందుకని ఎవడన్న మ్యూజిక్ కంపెనీ మనిషి వచ్చి, ఐదు వేలు చేతుల పెట్టి, ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టుమంటే పెట్టకుండ్రి. మాకు చూపెట్టుండ్రి, మాకు తెలువకపోతే వకీలు దగ్గరికి పోదాం. తాతల నాటి పాట ఎవరి సొత్తూ కాదని చట్టం అంటది, నిజమే. కానీ ఎవరి దగ్గర నేర్చుకున్నరో రాయొద్దని ఏ చట్టమూ చెప్పదు. దానికి పైసలు కూడా కావు.

ఆల్బం నెల రోజులు ఆగితే నష్టం లేదు. అట్ట మళ్లీ రాయుండ్రి. పల్లవి ఎవరి నోటిదో ఆమె పేరు, ఇంటిపేరు, ఊరు. డప్పుకు తోలు ఎవరు బిగించిన్రో ఆయన పేరు. కిన్నెర తాత పేరు అందరి కంటే పైన, ఆయన వంతు ఎంతో ఆయననే కూసోబెట్టి అడిగి, కాగితం మీద పెట్టుండ్రి. రేపు ఆదివారం పొద్దున మేము గీతల నోటుబుక్కు తీసుకొని ఇక్కడికే వస్తం. అవ్వలారా, మీరు కూడా రావాలె. నాట్లు అయిపోయినయి గనుక పనికి అడ్డం రాదు. ఏ పాట ఎవరి దగ్గర విన్నరో, దాంట్లో ఏ చరణం మీరు కట్టుకున్నరో చెప్తే పిల్లలు రాసుకుంటరు, ఫోన్ల రికార్డు చేస్తరు. సంతకం రానోళ్లు వేలిముద్ర వేయుండ్రి. సిరా డబ్బీ మేమే తెస్తం.

జై భీమ్.